లెక్క వచ్చినవాళ్లకు నో ఎంట్రీ

మనకి సెకండియర్‌లో ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉంటుంది కదా. మొదటి యూనిట్ నిండా పేకముక్కలే. 52 ముక్కల్లోంచి రెండు తీస్తే రెండూ ఆసులయ్యే అవకాశం ఎంత, మొదటిది రాజు వచ్చాక రెండోది కూడా రాజే వచ్చే అవకాశం ఎంత... ఇలా. చేస్తాం, మార్కులు వేయించుకుంటాం, మర్చిపోతాం. ఇదే లెక్కని మర్చిపోకుండా బుర్రలో పెట్టుకుని వెళ్లి లాస్ వేగాస్‌లో బ్లాక్‌జాక్ బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం కథ వేరేగా ఉంటుంది. కాసేపటికి సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వస్తాడు. చాలా మర్యాదగానే మాట్లాడతాడు. మీ ఆట మాకు మరీ ఎక్కువైపోయింది సార్, ఇక్కడ ఇంకే ఆటైనా ఆడుకోండి, బ్లాక్‌జాక్ మాత్రం వద్దు అంటాడు.

కూర్చున్నవాడు ముక్క దాచలేదు. ముక్కకి గుర్తు పెట్టలేదు. డీలర్‌తో కుమ్మక్కవలేదు. అందరి కళ్ల ముందూ బల్ల మీద పడ్డ ముక్కల్ని చూసి మనసులో కూడికలూ తీసివేతలూ చేసుకున్నాడు, అంతే. బుర్రతో ముక్కలు లెక్కపెట్టడం అమెరికాలో నేరం కాదు. అయినా పంపించేస్తారు.

దీని మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. క్యాసినోకి తన ఆట రూల్స్ మార్చుకునే హక్కు ఉంది, దాంతో నాకు గొడవ లేదు. కానీ ఆటని అందరికీ అని తెరిచిపెట్టి, గెలవగలిగినవాడిని ఒక్కొక్కడిగా ఏరి బయటికి పంపి, ఓడిపోయేవాడికి మాత్రం ఫ్రీగా డ్రింక్ ఇచ్చి కూర్చోబెట్టుకోవడం నాకు తప్పుగా అనిపిస్తుంది. చట్టం ఒప్పుకున్నా సరే.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. బ్లాక్‌జాక్‌లో మీరూ డీలరూ విడివిడిగా ఆడతారు. ముక్కల విలువ కూడితే 21కి ఎంత దగ్గరైతే అంత మంచిది, 21 దాటితే బస్ట్, డబ్బులు పోయినట్టే. జాకీ, రాణి, రాజు అన్నీ పదే. ఆసు ఒకటైనా అవుతుంది, పదకొండైనా అవుతుంది. మొదటి రెండు ముక్కల్లోనే ఆసూ పదీ పడితే దాన్నే బ్లాక్‌జాక్ అంటారు, వంద కాస్తే నూటయాభై ఇస్తారు. డీలర్‌కి సొంత తెలివి వాడే అవకాశం లేదు. 16 వరకు ముక్క తీసి తీరాలి, 17 దగ్గర ఆగాలి. మనకి మాత్రం ఆగాలా తీయాలా అనే చాయిస్ ఉంది. కానీ మనం ముందు ఆడాలి, మనం బస్ట్ అయితే డీలర్ తర్వాత బస్ట్ అయినా మన డబ్బు తిరిగి రాదు. క్యాసినో లాభం ప్రధానంగా అక్కడే ఉంది.

ఇందులో అసలు విషయం ఏంటంటే, రౌలెట్ చక్రానికి జ్ఞాపకం ఉండదు, పేకకి ఉంటుంది. చక్రం ఇందాక ఎక్కడ ఆగిందో ఈసారికి సంబంధం లేదు. పేకలో మాత్రం ఒకసారి పడిపోయిన ఆసు మళ్లీ కలిపేదాకా రాదు. చిన్న ముక్కలు ఎక్కువ అయిపోతే మిగిలిన దొంతరలో పదులూ ఆసులూ ఎక్కువ ఉన్నట్టు. అప్పుడు బ్లాక్‌జాక్‌లు ఎక్కువ పడతాయి, 16 దగ్గర ఆగే వీల్లేని డీలర్ ఎక్కువసార్లు బస్ట్ అవుతాడు. పరిస్థితి మనవైపు ఉన్నప్పుడు పందెం పెంచాలి, లేనప్పుడు తగ్గించాలి.

దీన్ని గుర్తుపెట్టుకోవడానికి 52 ముక్కలూ బట్టీ పట్టక్కర్లేదు. ఒక్క ఇంటిజర్ వేరియబుల్ చాలు. 2 నుంచి 6 దాకా ఏ ముక్క పడినా ఒకటి కలుపు. 7, 8, 9 అయితే వదిలెయ్. పదులు, బొమ్మ ముక్కలు, ఆసులు అయితే ఒకటి తీసెయ్. ఒక పేకలో కలపాల్సినవి 20, తీసేయాల్సినవి 20, వదిలేయాల్సినవి 12. అందుకే పేక మొత్తం అయిపోయేసరికి కౌంట్ సున్నాకే వస్తుంది. నాలుగైదు పేకలు కలిపి ఆడిస్తే, వచ్చిన కౌంట్‌ని ఇంకా మిగిలిన పేకల సంఖ్యతో భాగించాలి. కౌంట్ ఆరు ఉండి మూడు పేకలు మిగిలి ఉంటే అసలు కౌంట్ రెండు. దీన్ని హై-లో పద్ధతి అంటారు. ఫస్టియర్‌లో మనం రాసిన సీ ప్రోగ్రాముల్లో చాలావాటికన్నా చిన్నది. కష్టమంతా దాన్ని గోలలో, లైట్లలో, పక్కవాడు కబుర్లు చెప్తుంటే, తప్పు లేకుండా గంటల తరబడి నడపడంలో ఉంది.

ఇంతా చేస్తే వచ్చేది ఎంత? బాగా ఆడేవాడికి నూటికి ఒక రూపాయి అటూ ఇటూ. వెయ్యి రూపాయల పందెం వందసార్లు కాస్తే సగటున వెయ్యి మిగులుతుంది. కానీ ఆ వంద ఆటల్లో స్టాండర్డ్ డీవియేషన్ పదకొండు వేల పైనే. అంటే ఆ వెయ్యి కనపడనే కనపడదు, నెలల తరబడి ఆడితే తప్ప. సినిమాల్లో చూపించినట్టు సూట్‌కేసులు నింపుకుని రావడం అందరికీ జరిగే పని కాదు. ఈ చిన్న అంకెని గుర్తుంచుకోండి, దీనికోసం క్యాసినోలు ఎంత హడావుడి చేశాయో ఇప్పుడు చూద్దాం.

మొదట ఈ ఆటని సరిగ్గా లెక్కగట్టింది నలుగురు అమెరికన్ సైనికులు. అబర్డీన్ అనే ఆర్మీ స్థావరంలో టేబుల్ మీద పెట్టుకునే కాలిక్యులేటర్లు కొట్టి కొట్టి, ఏ చేతికి ఏం చేయాలో లెక్కవేసి 1956లో ఒక స్టాటిస్టిక్స్ జర్నల్‌లో పేపర్ వేశారు. దాన్ని చూసి ఎడ్వర్డ్ థార్ప్ అనే లెక్కల మాస్టారు, ఎంఐటీలో ఉన్నప్పుడు, ఐబీఎం 704 కంప్యూటర్ మీద ఫోర్‌ట్రాన్ నేర్చుకుని ఇంకో ప్రశ్న అడిగాడు: పేకలోంచి కొన్ని ముక్కలు తీసేస్తే లాభం ఎటు జరుగుతుంది? సమాధానం 1961లో పేపర్‌గా వచ్చింది. దాన్ని అచ్చుకి పంపడంలో సాయం చేసింది మన సబ్జెక్టుకి దేవుడిలాంటి క్లాడ్ షానన్. ఇన్ఫర్మేషన్ థియరీ షాననే. ఇద్దరూ కలిసి రౌలెట్ కోసం ఒంటికి కట్టుకునే చిన్న కంప్యూటర్ కూడా తయారుచేశారు, అది వేరే వ్యాసం అవుతుంది. థార్ప్ ఇద్దరు డబ్బున్నవాళ్ల పదివేల డాలర్లతో నెవాడా వెళ్లి దాదాపు రెట్టింపు చేసి చూపించాడు. 1962లో 'బీట్ ద డీలర్' పుస్తకం రాశాడు. నిజానికి థియరీ నిజమేనా అని తెలుసుకోవడమే ఆయనకి ముఖ్యం, డబ్బు కాదు అనిపిస్తుంది. అందుకే రహస్యం దాచుకోకుండా పుస్తకం వేసేశాడు.

ఇక్కడ మొదలైంది అసలు డ్రామా. 1964 ఏప్రిల్ 1న లాస్ వేగాస్ క్యాసినోలు కలిసికట్టుగా బ్లాక్‌జాక్ రూల్స్ మార్చేశాయి. రెండు ఆసులు వస్తే విడదీసి ఆడుకునే వీలు తీసేశారు. పందెం రెట్టింపు చేసే వీలు 11 వచ్చినప్పుడే అన్నారు. తారీఖు చూసి జోక్ అనుకోకండి, నిజంగానే చేశారు. లెక్కపెట్టేవాళ్లని ఆపడానికి చేసిన పని ఇది. కానీ లెక్కా గిక్కా ఏమీ తెలియని మామూలు జనానికి కోపం వచ్చింది. బల్లలు బోసిపోయాయి. కొన్ని వారాల్లోనే పాత రూల్స్ తిరిగి తెచ్చుకున్నారు.

నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన సంఘటన ఇదే అనిపిస్తుంది. ఆ తర్వాత క్యాసినోలు చేసిన పనులన్నీ దీని వెలుగులో చూస్తే అర్థమవుతాయి. రూల్ మారిస్తే అందరికీ కనపడుతుంది, అందరూ లేచిపోతారు. ఒక మనిషిని పక్కకి పిలిచి పంపించేస్తే పక్క బల్లవాడికి కూడా తెలియదు.

రూల్స్ మార్చడం పూర్తిగా ఆపేయలేదు. ఈసారి నెమ్మదిగా, జనానికి నొప్పి తెలియకుండా చేశారు. ఒక పేక బదులు నాలుగు, తర్వాత ఆరు, ఎనిమిది పేకలు కలిపి షూ అనే డబ్బాలోంచి పంచడం వచ్చింది. డబ్బా చివరిదాకా ఆడనివ్వకుండా మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెట్టి అక్కడే ఆపి మళ్లీ కలపడం వచ్చింది. ఆట మధ్యలో కొత్తవాళ్లు వచ్చి కూర్చోకూడదు అనే బోర్డులు వచ్చాయి. పడ్డ ముక్కల్ని ఎప్పటికప్పుడు లోపలికి తోసి కలిపేసే మెషీన్లు వచ్చాయి, వాటి దగ్గర లెక్కపెట్టడం ఇంచుమించు దండగ. ఇప్పుడు చాలా బల్లల మీద బ్లాక్‌జాక్‌కి వందకి నూటయాభై బదులు నూటఇరవై ఇస్తున్నారు. ఆ ఒక్క మార్పే మామూలు ఆటగాడి నష్టాన్ని నూటికి ఇంకో రూపాయి నలభై పైసల దాకా పెంచుతుంది. ముందు జాగ్రత్తగా ఆడేవాడికి నూటికి అర్ధరూపాయి పోయేది, ఇప్పుడు రెండు రూపాయల దగ్గరకి చేరింది. దొంగని పట్టుకుంటామని చెప్పి ఊరందరి జేబులూ కత్తిరించినట్టు ఉంది కదా. అయినా సరే, బల్ల మీద రాసి ఉంటుంది, చూసి కూర్చోవచ్చు, మానేయవచ్చు. అందుకే ఇది నాకు న్యాయమైన పద్ధతే.

మనుషుల్ని ఏరడం దగ్గరే నా అభ్యంతరం. 1967లో గ్రిఫిన్ అనే డిటెక్టివ్ సంస్థ పుట్టింది. క్యాసినోలకి వద్దనుకున్న మనుషుల ఫొటోలతో పుస్తకాలు తయారుచేసి చందాకి ఇచ్చేది. నిజమైన మోసగాళ్ల ఫొటోలతో పాటు, ఒక్క నేరం కూడా చేయని లెక్కగాళ్ల ఫొటోలు కూడా అదే పుస్తకంలో. ఒక ఊళ్లో గుర్తుపడితే ఇంకో ఊళ్లో తలుపు దగ్గరే ఆపేవాళ్లు. చివరికి జేమ్స్ గ్రోజాన్ అనే ఆటగాడూ ఆయన స్నేహితుడూ పరువునష్టం దావా వేసి గెలిచారు, 2005లో ఆ సంస్థ దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్లింది. సంస్థ పోయినా పద్ధతి పోలేదు. పుస్తకం బదులు డేటాబేస్, మనిషి కన్ను బదులు ఫేషియల్ రికగ్నిషన్ వచ్చాయి.

కెన్ ఉస్టన్ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. పసిఫిక్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో సీనియర్ వైస్ ప్రెసిడెంట్‌గా పనిచేసిన మనిషి. 1970లలో ఆల్ ఫ్రాన్సెస్కో అనే ఆయన టీమ్‌లో చేరాడు. వాళ్ల ఐడియా చాలా సింపుల్. అనుమానం వచ్చేది పందెం ఒక్కసారిగా పెరగడం చూసే. కాబట్టి లెక్కపెట్టేవాడు ఒకడు, చిన్న పందేలు కాస్తూ ఒకే బల్ల దగ్గర ఉంటాడు. కౌంట్ బాగున్నప్పుడు సైగ చేస్తే, తాగినట్టు నటిస్తూ తిరిగే ధనవంతుడు ఒకడు వచ్చి పెద్ద పందేలు కాసి వెళ్లిపోతాడు. మన భాషలో చెప్పాలంటే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్. తర్వాత ఎంఐటీ విద్యార్థుల టీములు పేరు తెచ్చుకున్నది కూడా ఈ పద్ధతిలోనే, 2008లో వచ్చిన '21' సినిమా వాళ్ల మీదే. ఉస్టన్‌ని ఎంతగా తరిమారంటే వేషాలు మార్చుకుని వెళ్లేవాడు. 1979లో అట్లాంటిక్ సిటీలోని రిసార్ట్స్ ఇంటర్నేషనల్ ఆయన్ని బయటికి పంపితే ఊరుకోకుండా కోర్టుకెళ్లాడు. 1982లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆయన వైపే తీర్పు ఇచ్చింది. బ్లాక్‌జాక్ రూల్స్ పెట్టే అధికారం ప్రభుత్వ కమిషన్‌ది, లెక్కపెట్టేవాడిని ఆడనివ్వకూడదని కమిషన్ ఎక్కడా అనలేదు, కాబట్టి క్యాసినో సొంతంగా తోసేయడానికి వీల్లేదు అంది. అంతకన్నా నాకు నచ్చిన మాట ఇంకోటుంది. జనం అందరి కోసం తెరిచిన చోటు అయినప్పుడు, కారణం సరైనది కాకుండా ఒకడిని పొమ్మనే హక్కు యజమానికి ఉండదని కూడా కోర్టు భావించింది.

నెవాడాలో అలా కాదు. క్యాసినో అక్కడ ప్రైవేటు స్థలం, ఇష్టం లేకపోతే పొమ్మనొచ్చు. పొమ్మన్నాక మళ్లీ వస్తే అతిక్రమణ కేసు. ఒకటే లెక్క, ఒకటే బుర్ర. న్యూజెర్సీలో కస్టమర్, నెవాడాలో చొరబాటుదారు. న్యూజెర్సీ క్యాసినోలు కూడా ఓడిపోయి ఊరుకోలేదనుకోండి. పంపించలేరు కాబట్టి, లెక్కగాడు పందెం పెంచగానే మళ్లీ పేక కలిపేయడం, పందేనికి పరిమితి పెట్టడం లాంటివి చేస్తారు.

ఒక గీత మాత్రం నేనూ ఒప్పుకుంటాను. బూట్లలో కంప్యూటర్ దాచుకుని ఆడినవాళ్లు ఉన్నారు, నెవాడా 1985లో చట్టం చేసి లెక్కపెట్టే పరికరం ఏదైనా వాడితే జైలు అంది. సరే. ఫోన్ తీసి యాప్ వాడితే అది వేరే పని. ఆటకి కూర్చున్నవాడు తన బుర్ర తెచ్చుకోకూడదు అంటేనే నాకు ఎక్కట్లేదు.

ఇది మా ఫ్రెండ్స్ దగ్గర చెప్తే ఒకడు వెంటనే అన్నాడు: "వాడి షాపు వాడిష్టం రా, నష్టం తెచ్చే కస్టమర్‌ని ఎవడు రానిస్తాడు?" మంచి ప్రశ్నే. దీనికి నేను మా కాలేజీ రోడ్డులో ఉండే మెస్‌ల గురించి ఆలోచించాను. అన్‌లిమిటెడ్ మీల్స్ అని బోర్డు ఉంటుంది. మా హాస్టల్లో ఒక జిమ్ బ్యాచ్ ఉంది, వాళ్లు కూర్చుంటే ఓనర్ ముఖం మాడిపోతుంది. పప్పు అడిగితే వస్తున్నా బాబూ అంటూ పది నిమిషాలు రాడు, సాంబార్ పల్చబడుతుంది, మూడోసారి అన్నం గరిటె చిన్నదవుతుంది. ఇవన్నీ ఓనర్ ఆటలే, నవ్వుకుంటాం. రేటు పెంచినా తిట్టుకుంటూ ఇస్తాం. కానీ గుమ్మం దగ్గర నిలబడి కండలు చూసి "నువ్వొద్దమ్మా, ఆ సన్నగా ఉన్న బాబు రావచ్చు" అంటే? అప్పుడు ఆ బోర్డు అబద్ధం అయిపోతుంది. పైగా మెస్ ఓనర్ నెల తిరిగేసరికి అద్దె కట్టుకోవాలి, నిజంగా నష్టపోవచ్చు. లెక్కగాళ్ల వల్ల మూతపడిన క్యాసినో గురించి నేనైతే ఎక్కడా చదవలేదు.

పైగా జరిగింది ఉల్టా. థార్ప్ పుస్తకం వచ్చాక బ్లాక్‌జాక్ పాపులారిటీ పెరిగింది. ఈ ఆటని గెలవొచ్చట అనే మాట జనంలోకి వెళ్లింది. పుస్తకం కొన్నవాళ్లు వేలమంది, సరిగ్గా సాధన చేసినవాళ్లు పిడికెడు. మిగిలినవాళ్లు సగం నేర్చుకుని, పందేలు పెంచుకుని, నిండా ఓడి వెళ్లారు. లెక్కపెట్టడాన్ని పూర్తిగా చంపేయాలంటే క్యాసినోకి ఒక్క రోజు పని: ప్రతి ఆటకీ పేక కలిపేస్తే చాలు, అన్ని బల్లలకీ ఆ మెషీన్లు పెడితే చాలు. ఎందుకు చేయట్లేదు? చేత్తో కలుపుతూ కూర్చుంటే గంటకి ఆడే ఆటలు తగ్గుతాయి, చాలామంది ఆటగాళ్లకి ఆ మెషీన్లు నచ్చవు. దాంతో పాటు, గెలవొచ్చు అనే ఆశ కూడా చచ్చిపోతుంది. ఆ ఆశే సరుకు. అందుకని ఆట గెలవగలిగేదిగానే ఉంచుతారు, గెలిచేవాడినే తీసేస్తారు. నాకు ఒప్పుకోబుద్ధి కానిది సరిగ్గా ఇదే.

మన సాహిత్య క్లబ్ కాబట్టి ఒక మాట. నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు తాని చెట్టుని ఒక్క చూపు చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు దిగి లెక్కపెట్టి చూసుకుని ఆశ్చర్యపోతాడు, తన గుర్రాల విద్య ఇచ్చి ఆ అక్షహృదయం నేర్చుకుంటాడు. లెక్కా జూదమూ ఒకే విద్య అని మనవాళ్లకి ఎప్పుడో తెలుసన్నమాట. ఆ తర్వాత వెళ్లి పుష్కరుడిని ఆటకి పిలిచి రాజ్యం గెలుచుకుంటాడు. పుష్కరుడు ఎంత చెడ్డవాడైనా, నువ్వు ట్రైనింగ్ తీసుకుని వచ్చావు, నీతో ఆడను అనలేదు. ఆడాడు, ఓడాడు.

2011లో అట్లాంటిక్ సిటీలో డాన్ జాన్సన్ అనే ఆయన మూడు క్యాసినోల నుంచి దాదాపు కోటిన్నర డాలర్లు గెలిచాడు. లెక్కపెట్టలేదు. మరి ఎలా? మాంద్యం దెబ్బకి బేరాలు లేక, పెద్ద పందేల వాళ్లని రప్పించడానికి క్యాసినోలే "మీరు ఓడితే అందులో ఇరవై శాతం మాఫీ" అని ఆఫర్ ఇచ్చాయి. ఆయన మిగతా రూల్స్ కూడా బేరమాడి, కాగితం మీద లెక్కవేసుకుని, లాభం తనవైపు ఉందని తేల్చుకుని వెళ్లాడు. పెద్ద మొత్తాలు ఓడిపోయేవాడిని క్యాసినో ఎంత ప్రేమగా వెతుక్కుంటుందో ఆ ఆఫర్ చూస్తే తెలుస్తుంది. ఈయన లిస్టులో పొరపాటున పడ్డ గెలిచే మనిషి.

ఇప్పుడు మన బ్రాంచ్‌కి సంబంధించిన సంగతి. ఒకడు లెక్కపెడుతున్నాడా లేదా అని ఎలా తెలుసుకుంటారు? పైన కెమెరా ప్రతి ముక్కనీ ప్రతి పందేన్నీ చూస్తుంది. కౌంట్‌కీ పందేనికీ కోరిలేషన్ చూస్తే సరిపోతుంది. రెండు సిరీస్‌లు, ఒక నంబర్. మనం ల్యాబ్‌లో మధ్యాహ్నం రాసేయగలం. సరే, అదే కెమెరా అదే డేటాలో ఇంకో మనిషిని కూడా చూస్తోంది. పొద్దున్నుంచీ లేవనివాడు, ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేసేవాడు, మూడోసారి ఏటీఎంకి వెళ్లొచ్చినవాడు. వాడిని గుర్తుపట్టడం లెక్కగాడిని గుర్తుపట్టడం కన్నా తేలిక, ఎందుకంటే వాడు దాచుకోవట్లేదు. వాడి దగ్గరకి సూటు వేసుకున్న పెద్దమనిషి వచ్చి, ఈ రోజుకి చాలు సార్ అని ఎందుకు అనడు?

చేయలేరు అంటే నేను నమ్మను. సింగపూర్‌లో 2010లో క్యాసినోలు తెరిచినప్పుడే, కుటుంబ సభ్యులు దరఖాస్తు పెట్టుకుంటే మనిషిని లోపలికి రానివ్వకుండా చేసే ఏర్పాటు చట్టంలో పెట్టారు. అక్కడి పౌరులూ శాశ్వత నివాసులూ లోపల అడుగు పెట్టాలంటే రోజుకి 150 సింగపూర్ డాలర్లు కట్టాలి. ప్రతి మనిషినీ తలుపు దగ్గర గుర్తుపట్టే పని రోజూ జరుగుతోంది. చట్టం అడిగింది కాబట్టి జరుగుతోంది.

మనకెందుకు ఇదంతా అంటారా? ముక్కలు గుర్తుపెట్టుకోవడం గురించి మన సుప్రీంకోర్టు 1967లో ఒక తీర్పు ఇచ్చింది, అది మన సికింద్రాబాద్ కేసే. 1963లో అక్కడ ఒక క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, డబ్బులు పెట్టి రమ్మీ ఆడుతున్నారని నిజాం కాలం నాటి జూద చట్టం కింద పట్టుకున్నారు. కోర్టు ఏమందంటే, రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట. కేసు కొట్టేశారు. ఏ పని చేస్తే లాస్ వేగాస్‌లో బయటికి పంపుతారో, సరిగ్గా ఆ పనే మన దగ్గర ఆటగాళ్లని కాపాడింది! ఆ తీర్పులోనే ఇంకో ముక్క ఉంది, దాన్ని అంతగా ఎవరూ చెప్పరు. ఆట మీద నిర్వాహకుడు లాభం చేసుకుంటున్నాడని తేలితే అది నేరం కావచ్చు అని.

తర్వాత యాభై ఏళ్లకి ఆ 'నైపుణ్యం' అనే మాటే ఫోన్లలో ప్రకటన అయింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం తెచ్చి దేశమంతా ఆన్‌లైన్ డబ్బు ఆటలు ఆపేసింది. అంతకు ముందు మా హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న సెమిస్టర్ ఫీజు ఒక యాప్‌లో పోగొట్టుకున్నాడు, లొకేషన్ మార్చి మరీ ఆడాడు. రమ్మీ యాప్ క్యాసినో లాంటిది కాదు, ఎవడు గెలిచినా తన కమీషన్ తనకి వస్తుంది, అది ఒప్పుకుంటాను. కానీ అన్న ఫోన్‌కి వచ్చిన నోటిఫికేషన్లు నేను చూశాను. ఓడిన రాత్రి పదకొండింటికి బోనస్. మూడు రోజులు ఆడకపోతే 'మిస్ యూ'. జీతం పడే తారీఖు దగ్గర క్యాష్‌బ్యాక్. అన్నకి జీతం లేదు పాపం, మోడల్‌కి ఆ సంగతి తెలియలేదు. మిగతావన్నీ తెలిశాయి.

ఆ మోడల్ రాసింది మనలాంటి బీటెక్ వాళ్లే. గోవాలో మాండవి నదిలో ఓడల మీద క్యాసినోలు నడుస్తూనే ఉన్నాయి, మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. నిషేధం వచ్చినా విదేశీ సైట్ల లింకులు గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. మా డిపార్ట్‌మెంట్ గ్రూప్‌లో కిందటి ఏడాది ఒక గేమింగ్ కంపెనీ ఇంటర్న్‌షిప్ పోస్ట్ వచ్చింది. స్టైపెండ్ బాగానే ఉంది. పని ప్లేయర్ బిహేవియర్ మోడలింగ్, రిస్క్ స్కోరింగ్ అని రాశారు. ఎవరి రిస్క్ అనేది రాయలేదు. క్లాసులో పదిమంది అప్లై చేశారు, నేను వాళ్లని తప్పుపట్టను, పైథాన్‌కి డబ్బులిచ్చే చోటు ఎక్కడున్నా చూస్తాం. ఇంటర్వ్యూకి వెళ్లినవాడిని మాత్రం ఒకటి అడిగి రమ్మన్నాను: ఆ డేటాసెట్‌లో మనిషిని ఫ్లాగ్ చేసేది ఎక్కువ గెలిచినప్పుడా, ఎక్కువ ఓడినప్పుడా? వాడు అడిగాడట. హెచ్ఆర్ మేడమ్ నవ్వి, టెక్నికల్ రౌండ్‌లో అడగండి అన్నారట.